ఉక్రెయిన్ మీద లెక్చర్ అట, మనం వెళ్లొచ్చా? (కెనడాలోని ఎడ్మంటన్ కొత్తవాళ్ల ప్రశ్న, జవాబులు)

సెప్టెంబర్‌లో దిగిన స్టూడెంట్:

అన్నలకు, అక్కలకు నమస్తే. యూనివర్సిటీ ఆఫ్ ఆల్బెర్టాలో సివిల్ మాస్టర్స్ చేస్తున్నాను. మాది నరసరావుపేట దగ్గర పల్లె. మా ల్యాబ్‌లో ఖార్కివ్ నుంచి వచ్చిన అమ్మాయి ఉంది. మొన్న మాటల్లో "మీ భాషా రష్యనూ దాదాపు ఒకటే కదా" అన్నాను. తను ఏమీ అనలేదు గానీ ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. నిన్న క్యాంపస్‌లో పోస్టర్ చూశాను. ఉక్రెయిన్ కరువు మీద ఒక ప్రొఫెసర్ ఉపన్యాసం, ఫ్రీ, ఎవరైనా రావచ్చు అని ఉంది. నాలాంటివాడు వెళ్తే వింతగా చూస్తారా? అక్కడ పద్ధతులేమైనా ఉంటాయా?

విండర్‌మియర్ అన్న:

వెళ్లు. ఎవరూ చూడరు. కాఫీ కూడా ఫ్రీ.

మిల్‌వుడ్స్ అక్క:

కాఫీ కోసం వెళ్లమని చెప్పే అన్నల మాట వినకు తమ్ముడూ. వెళ్లు గానీ కొంచెం తెలుసుకుని వెళ్లు. నేను ఇక్కడికొచ్చి పద్నాలుగేళ్లయింది, ఏటా రెండు మూడింటికైనా పోతుంటాను.

ఈ ఊళ్లో ఉక్రెయిన్ లెక్చర్లు యుద్ధం వచ్చాక మొదలైనవి కావు. ఉక్రెయిన్ రైతులు కెనడాకి రావడం 1891లోనే మొదలైంది. హైవే 16 మీద తూర్పుకి పోతే పొలాల మధ్య గుమ్మటాల చర్చిలు కనబడతాయి చూడు, అవి వాళ్లు కట్టుకున్నవే. సోవియట్ రోజుల్లో అక్కడ నోరు తెరిచి చెప్పలేని చరిత్రని వాళ్ల పిల్లలు ఇక్కడ కూర్చుని రాశారు. నీ యూనివర్సిటీలోనే 1976 నుంచి కెనడియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఉక్రేనియన్ స్టడీస్ ఉంది. సిటీ హాల్ దగ్గర కరువు స్మారకం 1983లో పెట్టారు. అప్పటికింకా మాస్కో ఆ కరువే రాలేదని బుకాయిస్తోంది.

ఇక నువ్వన్న మాట. 1863లో రష్యా చక్రవర్తి జార్ దగ్గరి మంత్రి వాల్యుయెవ్ ఉక్రెయిన్ భాషలో బడి పుస్తకాలు, మత పుస్తకాలు అచ్చు వేయొద్దని ఉత్తర్వు పంపాడు. 1876లో ఇంకో ఉత్తర్వుతో అచ్చు దాదాపు మొత్తం ఆగిపోయింది. అసలు అలాంటి భాషే లేదు, అది రష్యన్‌లో ఒక యాస అన్నది వాళ్ల వాదన. ఆ పిల్ల చెవికి నీ మాట అలాగే తగిలి ఉంటుంది. ఇది మనకి అర్థం కాని బాధేం కాదు. 1921లో హైదరాబాద్ వివేకవర్ధినిలో జరిగిన సభలో ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోతే గోల చేసి ఆపేశారు. ఆంధ్ర జనసంఘం పుట్టింది ఆ అవమానంలోంచే.

కరువు సంగతికి వస్తాను. మీ గుంటూరు వైపు నందన కరువు అని పెద్దవాళ్లు చెప్పగా వినే ఉంటావు, 1832-33. సరిగ్గా నూరేళ్ల తర్వాత, 1932-33లో, ఉక్రెయిన్‌లో వచ్చింది. దాన్ని హొలొడొమోర్ అంటారు, ఆకలితో చంపడం అని అర్థం. కరువంటే వానలు మొహం చాటేయడం అనుకుని వెళ్తే నీకు లెక్చర్ సగం ఎక్కదు. స్టాలిన్ ప్రభుత్వం ఊరూరికీ ఇంత ధాన్యం కట్టాలని కోటా వేసింది. కట్టలేని ఊళ్లని నల్ల జాబితాలో పెట్టి అక్కడి దుకాణాలకి సరుకు ఆపేసింది. 1932 ఆగస్టు చట్టంతో, కోసిన పొలంలో కంకులు ఏరుకున్నవాళ్లకీ శిక్షలు పడ్డాయి. తిండి వెతుక్కుంటూ పోదామంటే 1933 జనవరి నుంచి రైతుల్ని ఉక్రెయిన్ దాటనివ్వలేదు. జనాభా లెక్కలు కట్టినవాళ్లు చావుల్ని దాదాపు 39 లక్షలని తేల్చారు. కెనడా దీన్ని 2008లో జాతిహత్యగా గుర్తించింది. ఆ మాట వాడాలా వద్దా అని చరిత్రకారుల్లో వాదన ఉంది, ఆ వాదన వినడానికైనా వెళ్లాలి.

పద్ధతులంటే పెద్దగా లేవు. ఆన్‌లైన్‌లో ముందే పేరు నమోదు చేసుకోమంటే చేసుకో. జీన్స్ చాలు. ఇంగ్లీషులో ఉక్రెయిన్ ముందు 'ది' పెట్టకు, అది దేశాన్ని ఏదో ప్రాంతంలా చేస్తుంది. నగరాల పేర్లు కీవ్, ఖార్కివ్ అను. ఖార్కోవ్ అనకు.

ప్రశ్నల దగ్గర మాత్రం జాగ్రత్త. మా ఆయన మొదటిసారి వచ్చినప్పుడు మైకు దొరగ్గానే నాటో, అమెరికా, మన చమురు కొనుగోళ్లు అంటూ నాలుగు నిమిషాలు దంచాడు. ఆ రోజు టాపిక్ ఏమో పల్లెటూరి చొక్కాల మీద ఎంబ్రాయిడరీ. "ఇంతకీ మీ ప్రశ్న ఏమిటండీ?" అని నడిపించే ఆవిడ నెమ్మదిగా అడిగింది. ఈయన కూర్చున్నాడు. కారులో ఇంటికొచ్చేదాకా నేను మాట్లాడలేదు. అదే రోజు నా పక్కన కూర్చున్న పెద్దావిడ ఇంట్లో చేసిన గసగసాల రోల్ ముక్క నాప్‌కిన్‌లో చుట్టి ఇచ్చింది. మేం గసగసాలు కోడికూరలో వేస్తాం అంటే ఎంత చెప్పినా నమ్మలేదు.

షేర్‌వుడ్ పార్క్ తమ్ముడు:

అక్కా, నాదీ ఒక మాట. నేను ఖార్కివ్‌లో మెడిసిన్ మూడో ఏడాది చదువుతుండగా యుద్ధం వచ్చింది. 2022 మార్చి 2న ఎంబసీ నుంచి మెసేజ్: సాయంత్రం ఆరింటికల్లా ఖార్కివ్ వదిలి పెసోచిన్, బబాయ్, బెజ్ల్యుదివ్కా, ఏదో ఒక చోటికి చేరండి, బండి దొరక్కపోతే నడవండి అని. మేం నడిచాం. నా బ్యాగులో రెండు బ్రెడ్ ప్యాకెట్లు, పాస్‌పోర్టు, అమ్మ పంపిన కారప్పొడి డబ్బా. ఆ డబ్బా పోలండ్ దాకా వచ్చింది.

చెప్పొచ్చేదేమిటంటే, మూడేళ్లు ఉండి కూడా ఆ ఊరి గురించి నాకేం తెలియదు. క్లాసులు ఇంగ్లీషులో, పేషెంట్లతో మాట్లాడటానికి నేర్పింది రష్యన్. 1934 దాకా సోవియట్ ఉక్రెయిన్‌కి ఖార్కివే రాజధాని అని ఇక్కడికొచ్చాక ఒక లెక్చర్‌లో విన్నాను. అక్కడ రచయితల కోసం కట్టిన 'స్లోవో' ఇల్లు ఉందట. స్లోవో అంటే మాట. పైనుంచి చూస్తే ఆ పదం మొదటి అక్షరం ఆకారంలో ఉంటుంది. 1930ల్లో ఆ ఇంట్లో ఉన్నవాళ్లని ఒక్కొక్కరినే పట్టుకుపోయారు, చాలామందిని కాల్చేశారు. ఆ స్లైడ్ తెర మీద పడగానే లేచి బయటికెళ్లి మంచినీళ్లు తాగొచ్చాను. తమ్ముడూ, యుద్ధం బొమ్మలు చూపించే లెక్చర్ అయితే హాల్లో ఏడ్చేవాళ్లు ఉంటారు. ఫోన్‌లో వీడియో తీయకు.

సెప్టెంబర్‌లో దిగిన స్టూడెంట్:

థ్యాంక్స్ అక్కా, అన్నా. ఇవేవీ తెలియదు నాకు. ముందుగా చదవడానికి ఏమైనా ఉందా? ఆ అమ్మాయికి సారీ చెప్పాలా?

మిల్‌వుడ్స్ అక్క:

చదవడానికి బద్ధకమైతే యేల్ యూనివర్సిటీలో చరిత్రకారుడు తిమోతీ స్నైడర్ 2022లో చెప్పిన ఉక్రెయిన్ క్లాసు యూట్యూబ్‌లో మొత్తం ఉంది. ఇరవై మూడు లెక్చర్లు. మొదటి రెండు వింటే నీకు పట్టు దొరుకుతుంది. ఏదైనా పేరు అర్థం కాకపోతే ఇంటర్నెట్ ఎన్‌సైక్లోపీడియా ఆఫ్ ఉక్రెయిన్‌లో వెతుక్కో, అదీ ఫ్రీ, పెట్టింది ఆ ఇన్‌స్టిట్యూట్ వాళ్లే. మార్చిలో షెవ్చెంకో పేరు మీద ఏటా జరిగే ఉపన్యాసం కూడా గుర్తుపెట్టుకో. ఆయన వెట్టిలో పుట్టిన కవి. 1838లో స్నేహితులు ఒక పెయింటింగ్‌ని లాటరీ వేసి, 2500 రూబుళ్లు కట్టి విడిపించారు. తర్వాత జార్ రాయకూడదు, బొమ్మలు వేయకూడదు అని శిక్ష వేసి సైన్యంలోకి తోశాడు.

సారీ ఒక్క ముక్కలో చెప్పు, లాగకు. "లెక్చర్‌కి వెళ్తున్నా" అని చెప్పి మార్కులు కొట్టేద్దామని చూడకు, అది ఇంకా చిరాకు. నవంబర్ నాలుగో శనివారం ఆ కరువులో పోయినవాళ్ల కోసం వాళ్లు కిటికీలో కొవ్వొత్తి వెలిగించుకుంటారు. ఆ వారం ల్యాబ్‌లో జోకులు కాస్త తగ్గించు.

నేనూ వస్తున్నాను. మా ఆయన్ని తీసుకురావడం లేదు. ఎల్ఆర్‌టీ (సిటీ రైలు) యూనివర్సిటీ స్టేషన్ ఎస్కలేటర్ పైన ఆరింటికి ఉండు. గ్లోవ్స్ కొన్నావా లేదా ముందు అది చెప్పు.