ఒకే స్వరశ్రేణికి మూడు పేర్లు: ఏది రాయాలి?

ప్రశ్న

ఆక్టేవ్‌ను (ఒక స్వరం నుంచి దాని రెట్టింపు పౌనఃపున్యం ఉన్న స్వరం దాకా ఉన్న దూరాన్ని) 13 సమాన భాగాలు చేసి, అందులో 2 2 1 2 2 1 2 1 అనే వరుసలో ఎనిమిది స్వరాలు ఎంచుకుని కొన్ని వారాలుగా సాధన చేస్తున్నాను. ఈ శ్రేణిని ఒకరు 5ఎల్ 3ఎస్ అనీ, మరొకరు ఒనైరోటానిక్ అనీ, ఇంకొకరు ఫాదర్-8 అనీ రాశారు. మూడూ ఒకటేనా? నేను స్వరపరచినవి ఇతరులకు పంపేటప్పుడు ఏ పేరు రాయాలో దయచేసి చెప్పండి.

మొదటి జవాబు

మూడు పేర్లనూ ఇలాంటి శ్రేణికి వాడుతుంటారు గానీ, మూడూ ఒకే మాట చెప్పవు. ఐదు పెద్ద అంతరాలు, మూడు చిన్న అంతరాలు, వీలైనంత సమంగా పరచుకుని ఉన్నాయన్నదే 5ఎల్ 3ఎస్‌కు అర్థం. ఒకే స్వరాంతరాన్ని జనరేటర్‌గా తీసుకుని పేర్చుకుంటూ పోయి, అంతరాలు సరిగ్గా రెండు పరిమాణాలకు వచ్చిన చోట ఆగితే ఇలాంటి శ్రేణి వస్తుంది. 1975లో సంగీత సిద్ధాంతకర్త ఎర్వ్ విల్సన్ దీన్నే ‘మొమెంట్ ఆఫ్ సిమెట్రీ’ అన్నారు. మీ 13లో ఆ జనరేటర్ ఐదు మెట్లు, అంటే 461.5 సెంట్లు (ఆక్టేవ్‌లో 1200వ వంతు ఒక సెంటు). ఒనైరోటానిక్ అన్నది, ఇలాంటి శ్రేణులకు పేర్లు పెట్టే టామ్‌నామ్స్ పద్ధతిలో అదే లెక్కకు ఉన్న పిలుపు పేరు.

ఫాదర్ అలా కాదు, అది టెంపరమెంట్ పేరు, అంటే శుద్ధమైన పౌనఃపున్య నిష్పత్తులను కాస్త సర్దుబాటు చేసే శ్రుతి పద్ధతి పేరు. 4/3, 5/4 నిష్పత్తులు రెండింటినీ ఒకే స్వరాంతరంగా వినాలని ఆ పేరు కోరుతుంది. శుద్ధమైన 4/3 విలువ 498 సెంట్లు, 5/4 విలువ 386. మీ 461.5 మొదటిదానికి 36 సెంట్లకు పైగా తక్కువ, రెండోదానికి 75 సెంట్లు ఎక్కువ. నా చెవికి అది రెండింటిలో ఏదీ కాదు, కాబట్టి మీ శ్రేణికి ఆ పేరు నేను రాయను.

రెండో జవాబు

మీ శ్రేణి విషయంలో పై జవాబుతో ఏకీభవిస్తాను. అయితే టెంపరమెంట్ పేర్లను అన్నిచోట్లా పక్కన పెట్టడం సరికాదు. అందరికీ తెలిసిన డయాటోనిక్ శ్రేణి 5ఎల్ 2ఎస్‌నే చూడండి. ఆక్టేవ్‌ను 31 భాగాలు చేస్తే పెద్ద అంతరం 5 మెట్లు, చిన్నది 3. 22 భాగాలైతే 4, 1. రెండు పెద్ద అంతరాలు కలిసిన మేజర్ థర్డ్ మొదటి దానిలో 387 సెంట్లు, రెండో దానిలో 436 సెంట్లు. ఒకటి 5/4కు, మరొకటి 9/7కు ఎంతో దగ్గర. వరుస ఒకటే అయినా వినికిడి పూర్తిగా వేరు. ఆ తేడాను మొదటిదానికి మీన్‌టోన్, రెండోదానికి సూపర్‌పైథ్ అన్న టెంపరమెంట్ పేర్లే చెప్పగలవు.

ప్రశ్న అడిగినవారు

చాలా స్పష్టమైంది, ధన్యవాదాలు. ఇదే శ్రేణిని వేరే స్వరం నుంచి మొదలుపెడితే దాన్ని ఎలా రాయాలి?

మొదటి జవాబు ఇచ్చినవారు

ఆధార స్వరానికి పైన ఎన్ని జనరేటర్లు, కింద ఎన్ని ఉన్నాయో నిలువు గీతకు అటూ ఇటూ రాస్తే చాలు. మీరు వాయిస్తున్నది 7|0, అన్నిటికన్నా ప్రకాశవంతమైన మోడ్, అంటే శ్రేణిని మొదలుపెట్టే రూపాల్లో స్వరాలు వీలైనంత ఎత్తున ఉండేది. ఒక జనరేటర్‌ను పైనుంచి తీసి కింద చేరిస్తే 6|1 అవుతుంది. తొమ్మిదో మెట్టు మీది స్వరం ఒక్కటే ఎనిమిదికి దిగి, వరుస 2 2 1 2 1 2 2 1గా మారుతుంది. మీరు పంపేదాని మీద ‘13 సమాన భాగాలు, 5ఎల్ 3ఎస్, 7|0’ అని రాయండి.