అప్‌డేట్: మా పాపకి లెక్క కుదిరింది

మూడు వారాల కిందట అడిగాను కదా, మా ఐదేళ్ల పాప ఇరవై దాకా గడగడా చెప్తుంది, ఏడు బొత్తాలు ముందు పెడితే మాత్రం ఒకసారి తొమ్మిది, ఇంకోసారి ఆరు అంటోంది, కిండర్‌గార్టెన్‌లో చూస్తే రోజంతా ఆటలే అని. వర్క్‌షీట్లు ఆపేసి, వస్తువుల్ని ఒక్కొక్కటీ జరుపుతూ లెక్కపెట్టించమన్నారు మీరు.

ముందు టీచర్‌ని అడిగి ఒక పూట క్లాసులో కూర్చున్నాను. నేను ఆట అనుకున్నదంతా చదువే! ఒక బాబు కుర్చీకో కప్పు పెట్టుకుంటూ వెళ్లాడు. చివరి కుర్చీకి కప్పు లేదు. టీచర్ నోరు మెదపలేదు. వాడే కాసేపు చూసి "ఇంకోటి కావాలి" అని పరిగెత్తాడు. మట్టి ముద్దలు పిసికించేది కూడా పెన్సిల్ పట్టే వేళ్లకి బలం రావడానికేనట. 1837లో జర్మనీలో ఫ్రోబెల్ అనే విద్యావేత్త పెట్టిన మొదటి కిండర్‌గార్టెన్‌లోనూ బంతులు, చెక్క దిమ్మెలే పరికరాలు.

ఇంట్లో కోడిగుడ్ల అట్ట తీసుకుని గుంటకో బొత్తం వేయించాను. మొదటి వారం వేలి కంటే నోరే ముందు పరిగెత్తింది. "మొత్తం ఎన్ని?" అంటే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేది. చివర చెప్పిన అంకే మొత్తమని దానికింకా తెలియదని అప్పుడు అర్థమైంది. నేను తొందరపెట్టలేదు.

మొన్న ఆదివారం ఏడూ లెక్కపెట్టి, "ఏడు" అని ఆగింది. బొత్తాల్ని దూరం దూరంగా జరిపి మళ్లీ అడిగాను.

"అవే కదమ్మా, ఏడే!"

బొత్తాలు పదమూడు దాటితే మాత్రం లెక్కలో ఇంకా తడబడుతోంది. మీ అందరికీ చాలా థ్యాంక్స్.