రొయ్యలు వండాలా, మానాలా? హనఫీ ముస్లిం ఇళ్లవాళ్లు చెప్పండి

మాది నరసాపురం దగ్గర పల్లె, చుట్టూ రొయ్యల చెరువులే. మేం చర్చికి వెళ్లేవాళ్లం. వచ్చే ఆదివారం మావాడి స్నేహితుడి కుటుంబం భోజనానికి వస్తోంది, వాళ్లు ముస్లింలు. మాంసం సంగతి తేలిపోయింది, వాళ్లకు తెలిసిన హలాల్ కొట్లోనే తెస్తాం. చిక్కల్లా రొయ్యల దగ్గరే. మా ఆవిడ చింతచిగురు రొయ్యలు వండితే గిన్నె అడుగు గీకాల్సిందే.

ఆ కుర్రాడు రొయ్యలు తింటాడు, వాళ్ల నాన్నగారు ముట్టరట. పీతలు ఇద్దరికీ వద్దు.

మా బైబిల్లో లేవీయకాండం 11వ అధ్యాయంలో రెక్కలూ పొలుసులూ లేని నీటి జీవులు తినొద్దని ఉంది. ఆచారం పాటించే యూదులు ఇప్పటికీ రొయ్య, పీత తినరు (ఆ లెక్కన మన పులసకు ఢోకా లేదు). అపొస్తలుల కార్యములు 10లో దేవుడు పవిత్రం చేసినవాటిని అపవిత్రం అనొద్దని పేతురుకు వచ్చిన దర్శనం చూపించి మా పాస్టరుగారు ఆ పట్టింపు తీసేశారు. 15లో రక్తం వద్దన్నా మావాళ్లు నెత్తురు వేపుడు లాగించేస్తారు, అది వేరే కథ.

ఖురాన్ 5:96 సముద్రపు వేట ధర్మమే అంటోంది. ముస్లిం ధర్మశాస్త్ర సంప్రదాయాల్లో షాఫియీలు సముద్రపు జీవుల్లో చాలావరకు తింటారనీ, హనఫీలకు చేప ఒక్కటేననీ, రొయ్య చేపా కాదా అని హనఫీ పండితుల్లోనే రెండు మాటలున్నాయనీ చదివాను. మరి ఒకే ఇంట్లో తండ్రికో మాట, కొడుక్కో మాట ఎలా? రొయ్యలు వండిన మూకుడులో కొరమీను పులుసు పెడితే ఆయనకు అభ్యంతరమా? నేరుగా అడిగితే మొహమాటానికి "పర్లేదండీ" అనేస్తారు.