సోల్జర్ ఈగ పురుగుకి నొప్పి తెలుస్తుందా? ఏ దశలో ఎంత?

అందరికీ నమస్తే అండి, మాది వైజాగ్, పెందుర్తి వైపు మా బావగారూ నేనూ బ్లాక్ సోల్జర్ ఈగల్ని పెంచుతున్నాం, రైతు బజార్లో మిగిలిన కూరగాయల చెత్త వేస్తే పురుగులు తినేసి లావెక్కుతాయి, వాటిని ఎండబెట్టి కోళ్ళకి మేతగా ఇస్తాం. తెల్లగా ఉన్నప్పుడే తీసి మరిగే నీళ్ళలో వేస్తాం, వేయగానే మెలికలు తిరుగుతాయి, నాకైతే మనసు ఒప్పట్లేదు.

పండు ఈగ పిల్లపురుగు మెదడు మ్యాప్ 2023లో వచ్చింది కదా, అందులో 3016 న్యూరాన్లు (నాడీకణాలు), అదే ఎదిగిన ఈగకి దాదాపు 1,40,000. వేడి తగిలితే ఆ పిల్లపురుగు దొర్లి తప్పించుకుంటుంది కూడా, అంటే అంత చిన్న మెదడున్నా వేడిని పట్టేస్తోందన్నమాట. మరి మన సోల్జర్ ఈగ సంగతేంటండీ? నల్లబడి, తిండి మానేసి, ట్రే గోడలెక్కి పొడి చోటు వెతుక్కునే టైంకి మెదడు ఎంత మారిపోయుంటుంది? ప్యూపా (పురుగు ఈగగా మారే గూటి దశ) లోపల పాత మెదడులో ఏ భాగాలు ఉంటాయి, ఏవి కొత్తగా కట్టుకుంటాయి? పండు ఈగ లెక్కలు దీనికి పెట్టుకోవచ్చా అసలు?

ఎంటమాలజీ చదివినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్. ఫ్రీజర్లో పెడితే మెల్లగా పోతాయి, అది ఇంకా బాధేమో అని నా భయం. మరిగే నీళ్ళలోనే కొంచెం కొంచెంగా వేస్తే నీళ్ళు చల్లారవు, క్షణాల్లో అయిపోతుంది, ప్రస్తుతానికి అలాగే చేస్తున్నాం. ఇంతకన్నా మంచి పద్ధతి ఉంటే ఖర్చైనా పర్లేదు, మార్చేస్తాం.