ఇద్దరం ఒకటే తింటున్నాం, ఒకటే నడుస్తున్నాం. ఆయన తొమ్మిదిన్నర కిలోలు తగ్గారు, నేను రెండు

గోదారిగట్టు:

అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి. నాకు 38, మా వారికి 43. ఈ మాట ఎవరితో అన్నా "మీ ఆయన తగ్గితే నీకు సంతోషం కాదా" అంటారని ఇన్నాళ్లూ నోరు మెదపలేదు. సంతోషమే. ఆయన బీపీ మాత్ర డోసు తగ్గించారు డాక్టరు గారు, అంతకన్నా నాకు ఏం కావాలి. కానీ లోపల బాధగా ఉంది. అదీ నిజమే.

సంక్రాంతి వెళ్లిన వారం మొదలుపెట్టాం. అప్పటికి ఆయన 92 కిలోలు, నేను 71. ఆయన ఎత్తు 175 సెంటీమీటర్లు, నాది 155. అలారం పెట్టేది నేను, ఐదింటికి లేపేది నేను. పుష్కర ఘాట్ నుంచి కోటిలింగాల ఘాట్ వైపు వెళ్లి తిరిగొస్తాం, మొత్తం ముప్పావు గంట. ఇంట్లో ఇద్దరికీ తిండి ఒకటే. పొద్దున ఆయనకు మూడు ఇడ్లీలు, నాకూ మూడే. మధ్యాహ్నం అన్నం ఒకే గిన్నెతో కొలిచి పెడుతున్నాను. రాత్రి చెరి రెండు పుల్కాలు, కూర. కాఫీలో పంచదార మానేశాం. ఆయన సాయంత్రం దేవీచౌక్ దగ్గర మిరపకాయ బజ్జీ తినేవారు, ఆఫీసులో రోజూ రెండు కూల్‌డ్రింకులు తాగేవారు. రెండూ మానేశారు. నాకు అలా మానేయడానికి పెద్దగా ఏమీ లేదు.

ప్రతి ఆదివారం పొద్దున బరువు చూసుకుంటాం. బీరువా కింద నుంచి మిషన్ లాగేది ఆయన. ఎక్కాక అంకె రెండు మూడు సార్లు వెలిగి ఆరి నిలబడుతుంది. మొన్న ఆయనకు 82.4 వచ్చింది. ఏమీ అనకుండా నా వైపు చూసి దిగారు. నేనెక్కితే 68.9 దగ్గర ఆగింది. ముందు వారం 68.5. గోడ మీది క్యాలెండర్లో ఇద్దరి అంకెలూ పక్కపక్కనే రాస్తాం. ఆ రోజు నా అంకె రాయడానికి చెయ్యి రాలేదు. వంటింట్లోకి వెళ్లి ఇడ్లీ రేకులు కడుగుతూ ఉండిపోయాను. అప్పటికే ఒకసారి కడిగినవే అవి.

ఈ నెల మొదట్లో అమలాపురంలో మా ఆడపడుచు కూతురి పెళ్లి అయింది. అందరూ ఆయన చుట్టూ చేరి ఏం చేశావు, ఎలా తగ్గావు అని అడుగుతున్నారు. ఆయన చెబుతున్నారు. మా అత్తయ్య గారు నా భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు కూడా వాడితో పాటు నడవొచ్చు కదమ్మా" అన్నారు. ఆవిడ మంచి మనిషి, నొప్పించాలని అన్న మాట కాదు. ఆవిడకు తెలియదు, అంతే. కానీ పక్కనే ఉన్న మా వారు "లేదమ్మా, రోజూ నన్ను లేపేదే తను" అని అనలేదు. కాకినాడ కాజా పళ్లెం చేతిలో పట్టుకుని నిలబడ్డాను, ఎవరికి ఇవ్వాలో కూడా తోచలేదు. బరువు కన్నా నాకు అదే ఎక్కువ గుచ్చుకుంది.

ఆయన ప్యాంట్లన్నీ టైలర్ దగ్గర రెండేసి అంగుళాలు తగ్గించారు. నా జాకెట్లకు ఒక్క కుట్టు కూడా లోపలికి వేయించే పని పడలేదు.

ఇంకో సంగతి. నాకు ఏడేళ్లుగా థైరాయిడ్ ఉంది, 75 మైక్రోగ్రాముల మాత్ర వేసుకుంటాను. పరగడుపున మాత్ర, పది నిమిషాలకు కాఫీ, తర్వాత నడక. తిరిగి వచ్చి టిఫిన్ తిన్నాక కాల్షియం మాత్ర. కిందటిసారి రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ 5.8 వచ్చింది, ఉండాల్సిన దానికన్నా ఎక్కువే.

నా ఒంట్లో ఏదైనా తేడా ఉందా? మీ ఇళ్లలో ఇలా జరిగితే మీరేం చేశారు? ఓపిక పట్టమని మాత్రం చెప్పకండి. ఓపిక ఉంది కాబట్టే నాలుగు నెలలు నడిచాను.

వంటింటి వైద్యం:

అక్కా, పరగడుపున జీలకర్ర నీళ్లు, రాత్రి పడుకునే ముందు దాల్చినచెక్క నీళ్లు తాగండి. రాత్రి భోజనం పూర్తిగా మానేయండి. నెలకు నాలుగు కిలోలు ఖాయం.

కాకినాడ కోడలు:

మీరు రాసింది చదువుతుంటే మూడేళ్ల కిందటి నా ఇల్లు కనబడింది. మా ఆయన రెండు నెలల్లో ఆరు కిలోలు తగ్గారు, నేను కిలో దగ్గరే తిరుగుతూ ఉండేదాన్ని. నేను తెలుసుకున్నవి చెబుతాను, పనికొస్తే తీసుకోండి.

మొదటిది, ఆదివారానికి ఆదివారం పోల్చుకోకండి. నెలసరికి ముందు వారం ఒంట్లో నీరు చేరుతుంది. నాకైతే కిలో, ఒక్కోసారి కిలోన్నర కూడా పెరిగేది. మగవాళ్లకు ఆ గొడవ లేదు, వాళ్ల అంకె వరసగా దిగుతూ పోతుంది. మీరు నెలసరి అయ్యాక వచ్చే ఆదివారాన్ని, పై నెల మళ్లీ అలాంటి ఆదివారంతోనే పోల్చండి. మీ 68.9 అలాంటి వారం కాదు కదా? క్యాలెండర్ చూసుకోండి.

రెండోది, టైలర్ టేపు తీసుకుని బొడ్డు దగ్గర కొలుచుకోండి. నా బరువు కదలని రెండు నెలల్లో నడుము నాలుగు సెంటీమీటర్లు తగ్గింది.

మూడోది చెప్పడం నాకు కొంచెం కష్టం. మా ఇంట్లో అందరూ తిన్నాక నేను తినేదాన్ని. పిల్లాడు వదిలేసిన పెరుగన్నం, గిన్నె అడుగున మిగిలిన పప్పు, సగం దోసె. పారేయడానికి మనసొప్పేది కాదు. ఒక వారం పాటు ఆ మిగిలినవన్నీ తినకుండా ఒక డబ్బాలో వేసి చూశాను. రోజూ డబ్బా ముప్పాతిక నిండేది. కొలిచిన గిన్నెలో నా అన్నం సరిగ్గానే ఉంది, ఈ డబ్బా మాత్రం లెక్కలో లేదు. అప్పటి నుంచి పిల్లాడికి తక్కువ పెట్టి, అడిగితే మళ్లీ వడ్డిస్తున్నాను. నేను కూడా వాళ్లతో పాటే కూర్చుని తింటున్నాను. మీకు ఈ అలవాటు లేకపోవచ్చు. ఉంటే చూసుకోండి.

పాఠాల మనిషి:

నేను మెడికల్ కాలేజీలో ఫిజియాలజీ చెబుతాను. మీరు ఎత్తు, బరువు, వయసు అన్నీ రాశారు కాబట్టి లెక్క వేసి చూపిస్తాను. ఊరికే ధైర్యం చెప్పడం కన్నా అది మేలు.

మనిషి కదలకుండా పడుకున్నా గుండె, మెదడు, కాలేయం, కండరాలు రోజంతా కొన్ని కేలరీలు ఖర్చు చేస్తూనే ఉంటాయి. దాన్ని అంచనా వేయడానికి 1990లో మిఫ్లిన్, సెయింట్ జియోర్ అనే పరిశోధకులు ఇచ్చిన సూత్రాన్ని ఇప్పటికీ వాడతాం. కిలోల్లో బరువును 10తో, సెంటీమీటర్లలో ఎత్తును 6.25తో హెచ్చించి రెండూ కలపాలి. అందులోంచి వయసుకు ఐదు రెట్లు తీసేయాలి. చివర్లో మగవాళ్లకు 5 కలుపుతాం, ఆడవాళ్లకు 161 తీసేస్తాం. అంటే ఒకే ఎత్తు, ఒకే బరువు, ఒకే వయసు ఉన్నా ఆడవాళ్లకు 166 కేలరీలు తక్కువ. ముఖ్యకారణం మగవాళ్ల ఒంట్లో కండ భాగం ఎక్కువ ఉండటం.

జనవరి అంకెలతో వేస్తే మీ వారికి 1,804 వచ్చింది, మీకు 1,328. రోజుకు తేడా 476 కేలరీలు. ఇద్దరూ ఒకటే తింటున్నామన్నారు. ఆ తేడా 120 రోజులకు 57 వేల పైచిలుకు అవుతుంది. కిలో కొవ్వుకు సుమారు 7,700 కేలరీలు అనుకుంటే ఏడు కిలోల నాలుగు వందల గ్రాములు. మీ ఇద్దరి తగ్గుదలలో తేడా ఏడున్నర కిలోలు. సూత్రం అంచనాయే, ఇంత దగ్గరగా కలవడం కొంత యాదృచ్ఛికం కూడా. కానీ మీరు ఏదో తప్పు చేస్తున్నారనడానికి ఇందులో ఏమీ లేదు. ఒకే కంచం ఆయనకు చాలా తక్కువ తిండి, మీకు కొద్దిగా మాత్రమే తక్కువ. నడక కూడా అంతే. అదే దూరానికి 92 కిలోల మనిషికి 71 కిలోల మనిషి కన్నా దాదాపు 30 శాతం ఎక్కువ ఖర్చవుతుంది.

ఇంకొకటి. మగవాళ్లకు కొవ్వు పొట్ట లోపల ఎక్కువగా చేరుతుంది, తగ్గేటప్పుడు అదే ముందుగా కరుగుతుంది. అందుకే చూసేవాళ్లకు వెంటనే తెలుస్తుంది. ఆడవాళ్లకు తుంటి, తొడల దగ్గర కొవ్వు మొండిది. 2018లో వెలువడిన 'ప్రివ్యూ' అనే అధ్యయనంలో రెండు వేల మందికి పైగా ఎనిమిది వారాలు ఒకే రకం తక్కువ కేలరీల ఆహారం తీసుకున్నారు. మగవాళ్లు సగటున 11.8 కిలోలు తగ్గారు, ఆడవాళ్లు 10.2.

మీ కంచంలో ఇంకా కోత పెట్టమని నేను చెప్పను. రాత్రి భోజనం పూర్తిగా మానేయమన్న సలహా మీకు వద్దు, జీలకర్ర నీళ్లు కొవ్వును కరిగించవు. కండ పెంచుకోండి. వారానికి మూడు రోజులు ఇరవై నిమిషాలు చాలు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిహేను సార్లు లేచి కూర్చోండి, గోడకు చేతులు ఆనించి పుష్-అప్స్ తీయండి, నీళ్లు నింపిన లీటరు సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని పైకెత్తండి. పొద్దున మూడు ఇడ్లీలకు బదులు వారంలో మూడు నాలుగు రోజులు పెసరట్టు, లేదా రెండు ఇడ్లీలు, రెండు గుడ్లు తీసుకోండి. మీ భోజనంలో ప్రొటీన్ తక్కువగా కనిపిస్తోంది.

ఇక థైరాయిడ్ మాత్ర. మీ ప్రశ్నలో నేను ఆగిపోయింది ఇక్కడే. ఆ మాత్రకు, కాఫీకి మధ్య కనీసం అరగంట, వీలైతే గంట ఉండాలి. కాల్షియం, ఐరన్ మాత్రలైతే నాలుగు గంటల దూరం ఉండాలి, లేకపోతే థైరాయిడ్ మాత్ర ఒంటికి సరిగ్గా పట్టదు. మీరు వేసుకునే వేళలు చూస్తే టీఎస్‌హెచ్ 5.8 రావడంలో నాకు ఆశ్చర్యం లేదు. కాల్షియాన్ని రాత్రికి మార్చే సంగతి మీ డాక్టరుతో మాట్లాడి, ఆరు నుంచి ఎనిమిది వారాలకు మళ్లీ పరీక్ష చేయించండి. అయితే దీనితోనే పది కిలోలు పోతాయని ఆశ పెట్టుకోకండి. థైరాయిడ్ తక్కువైతే పెరిగే బరువు సాధారణంగా కొద్ది కిలోలే. నీరసం మాత్రం తగ్గొచ్చు.

హన్మకొండ భర్త:

నేను అవతలి వైపు మనిషిని. 11 కిలోలు తగ్గాను, మా ఆవిడ మూడు. ఒక గృహప్రవేశంలో నన్ను అడిగినవాళ్లందరికీ అరగంట చెప్పాను, జొన్నరొట్టె గురించి, భద్రకాళి బండ్ మీద నడక గురించి. ఆటోలో తిరిగి వస్తుంటే ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికొచ్చాక అడిగితే, "ఆ రొట్టె చేసింది ఎవరో చెప్పలేదు కదా" అన్నది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నిజంగానే నాకు తట్టలేదండీ. దాచిపెట్టాలని కాదు, ఒకరు చేసిపెడుతుంటే నేను తగ్గానని ఆలోచనే రాలేదు.

మీ వారికి కూడా తట్టి ఉండదు. మనసులో పెట్టుకోకుండా ఆ పెళ్లి సంగతి ఉన్నది ఉన్నట్టు ఆయనకు చెప్పండి. తగ్గించి చెప్పొద్దు. మా ఇంట్లో ఇప్పుడు పొద్దున టిఫిన్ పని నాది. ఆ ఇరవై నిమిషాలు ఆవిడ ఎక్సర్‌సైజు చేసుకుంటుంది. ఆవిడకు అంతకు ముందు ఆ ఇరవై నిమిషాలే లేవు.

గోదారిగట్టు:

అందరికీ పేరు పేరునా నమస్కారాలు. రెండు రోజులు ఆలస్యంగా రాస్తున్నాను.

కాకినాడ కోడలు గారూ, మీరు చెప్పగానే క్యాలెండర్ దింపి చూశాను. నెలసరి అయ్యాక వచ్చిన మొదటి ఆదివారాలు మాత్రమే తీసి రాస్తే 70.6, 69.9, 69.3, 68.6. ఒక్కసారి కూడా పెరగలేదు! నాలుగు నెలలుగా ఆ కాగితం నా కళ్ల ముందే వేలాడుతోంది. డబ్బా కూడా పెట్టాను. మీ అంత కాదు కానీ నిన్న పిల్ల వదిలేసిన ఉప్మా, సగం అరటిపండు, అన్నం నాలుగు ముద్దలు పడ్డాయి. టేపుతో నడుము 93 వచ్చింది, ఈ రోజు తారీకుతో రాసుకున్నాను.

సార్, మీ లెక్క మా వారికి చదివి వినిపించాను. ఆయన నమ్మక ఫోన్‌లో తనే మళ్లీ వేసుకున్నారు. 476 వచ్చాక ఫోన్ పక్కన పెట్టి, "అయితే నువ్వు నాకన్నా కష్టపడ్డావన్నమాట" అన్నారు. అప్పుడు పెళ్లి సంగతి చెప్పాను, హన్మకొండ అన్నయ్య గారు అన్నట్టు తగ్గించకుండానే. చెబుతూ ఏడ్చాను కూడా. ఆయనకు అత్తయ్య గారి మాట గుర్తే లేదు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మర్నాడు నేను బట్టలు ఆరేసి వచ్చేసరికి హాల్లో వాళ్లమ్మతో ఫోన్‌లో ఉన్నారు. "ఐదింటికి తను లేపకపోతే నేను లేచేవాణ్నే కాదమ్మా" అన్నది ఒక్కటే విన్నాను. నేను చెప్పమనలేదు. సాయంత్రం అత్తయ్య గారు నాకు ఫోన్ చేశారు, చాలాసేపు మాట్లాడుకున్నాం, ఆ మాటలు ఇక్కడ రాయను.

ఇక నుంచి నేను మిషన్ నెలకు ఒక్కసారే ఎక్కుతాను, ఆయన ఆయన ఆదివారాలు చూసుకుంటారు. నిన్న కుర్చీలోంచి పదిహేను సార్లు లేవబోతే పదకొండుకే తొడలు వణికాయి, ఈ రోజు పదమూడు వచ్చాయి. డాక్టరు గారితో మాట్లాడి కాల్షియం మాత్ర రాత్రికి మార్చాను. కాఫీ ఇప్పుడు నడక నుంచి వచ్చాకే. జులైలో టీఎస్‌హెచ్ చేయించి రిపోర్టు ఇక్కడే రాస్తాను.