అప్‌డేట్: లాంగ్ రైడ్‌లో వేళ్లు తిమ్మిరెక్కే సమస్య తీరింది

యాభైకి దగ్గరపడ్డాక లాంగ్ రైడ్స్ మొదలుపెట్టా, కాసేపటికే ఉంగరపు వేలు, చిటికెన వేలు తిమ్మిరెక్కుతున్నాయి, బైక్ టూరింగ్ మానేయాలా అని అడిగా కదా, దాని సంగతి. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

డాక్టర్ నర్వ్ టెస్ట్ చేయించి చూస్తే మణికట్టు దగ్గర, చిటికెన వేలు వైపు అల్నర్ నరం నొక్కుకుపోతోందట. కార్పల్ టనెల్ (మణికట్టులోనే ఇంకో నరం నొక్కుకుపోవడం) అని చాలామంది అన్నారు గానీ అది బొటనవేలు, చూపుడువేలు వైపు వస్తుందట. షుగర్, బీ12 కూడా నార్మలే.

పనిచేసింది హ్యాండిల్‌బార్ రైజర్ల (హ్యాండిల్‌ని ఎత్తు చేసే ముక్కలు) సలహా. బార్ కాస్త పైకి, వెనక్కి వచ్చింది, బ్రేక్, క్లచ్ లివర్లు కొంచెం కిందికి తిప్పించా, ఇప్పుడు మణికట్టు వంగకుండా ముంజేతికి తిన్నగా ఉంటోంది, బరువంతా అరచేతుల మీద పడట్లేదు. రైజర్లు వేశాక హ్యాండిల్ రెండువైపులా ఫుల్‌గా తిప్పి కేబుళ్లు, బ్రేక్ హోస్ లాగట్లేదని మాత్రం చూసుకోండి. జెల్ గ్లౌజులు నాకైతే దండగ.

మానేయనందుకు హ్యాపీ. ఫోన్ ముట్టుకోకుండా గంటలు గంటలు ఉండగలిగేది నాకు బైక్ మీదే, వాన పడకముందే మట్టి వాసన హెల్మెట్‌లోకి వచ్చేస్తుంది, కార్లో ఏసీ వేసుకుంటే అదేం తెలుస్తుంది. గంటకోసారి ఆగి చేతులు విదిలిస్తున్నా, నెక్స్ట్ ట్రిప్‌కి రూట్ చూస్తున్నా.