భుక్తాయాసం, సుష్టు, వామకుక్షి: పండగ భోజనం మాటలు

ప్రశ్న: సంక్రాంతి భోజనాలయ్యాక ప్రతి ఇంట్లో వినబడే మాట ‘భుక్తాయాసం’. సుష్టుగా తింటే వచ్చేది ఇదేనా? ‘వామకుక్షి’ అంటే మధ్యాహ్నం కునుకేనా?

వ్యాఖ్య 1: భుక్త + ఆయాసం, సవర్ణదీర్ఘ సంధి. భుక్తం అంటే తిన్నది. ఇక్కడి ఆయాసం సంస్కృతార్థంలో శ్రమ, అలసట. తెలుగులో ఊపిరాడకపోవడాన్ని ఆయాసం అంటాం కాబట్టి తికమక పడతాం. సుష్టు అన్నది ‘సుష్ఠు’ నుంచి వచ్చింది. దానికి ‘చక్కగా’ అనే కాక ‘మిక్కిలి’ అనే అర్థమూ సంస్కృతంలోనే ఉంది. అయినా భోజనం దగ్గర ‘చక్కగా’ అనే తీసుకుంటే, పీకలదాకా తిన్నవాడు సుష్టుగా తిన్నట్టు కాదు.

వ్యాఖ్య 2: ఆ ‘చక్కగా’ ఎంతో అష్టాంగహృదయం అనే ఆయుర్వేద గ్రంథంలో వాగ్భటుడు లెక్క చెప్పాడు. కడుపులో రెండు పాళ్లు అన్నానికి, ఒక పాలు ద్రవాలకు, నాలుగోది వాయువు తిరగడానికి ఖాళీ. పండగనాడు ఈ లెక్క తప్పేది బియ్యం దగ్గరే. పులిహోర, చక్రపొంగలి, పప్పులోకి అన్నం, చివర్లో దద్దోజనం: పేర్లు నాలుగు, సరుకు ఒకటే. అరిసె బియ్యప్పిండే, బూరె పైపూతలోనూ బియ్యం ఉంటుంది కదా! వండిన అన్నం 100 గ్రాములకు సుమారు 130 క్యాలరీలు, చిన్న చెంచాడు నెయ్యికి 45. విస్తట్లో పులిహోర పడిందంటే తెల్లన్నం ఆ మేరకు తగ్గాలి. పులిహోరను ‘అదనపు ఐటం’గా చూడటంలోనే తప్పంతా ఉంది.

వ్యాఖ్య 3: పై మాటకు ఒక చేర్పు. కడుపు నిండిన కబురు మెదడుకు పూర్తిగా అందడానికి ఇరవై నిమిషాల దాకా పడుతుంది. బంతి భోజనంలో వడ్డన అంతకన్నా వేగం. అందుకే మొదటి వాయిలో అన్నీ కొంచెం కొంచెం వేయించుకుని, కూర, పప్పు ముందు తిని, మారు వడ్డనకు కాస్త ఆగాలి. నూనె, నెయ్యి ఎక్కువైతే కడుపు ఖాళీ కావడం ఆలస్యమవుతుంది. సాయంత్రం దాకా బరువు, పులితేన్పులు అందుకే. గారె పిండి జారైనా, నూనె సరిగ్గా కాగకపోయినా గారె నూనె పీల్చేస్తుంది. వేలితో నొక్కితే నూనె ఊరే గారె ఒకటి చాలు. అరిసెను రెండు గరిటెల మధ్య వత్తి నూనె పిండేది రుచికే కాదు.

ప్రశ్న అడిగినవారు: మరి వడ్డించేవాళ్లు ఊరుకోరు కదండీ?

వ్యాఖ్య 1: అక్కడా మాట తేడా ఉంది. ‘వద్దు’ అంటే వడ్డించేవాళ్లు చిన్నబుచ్చుకుంటారు, పైగా కొసరుతారు. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి ‘చాలండీ, సగం బూరె వెయ్యండి’ అంటే సగంతో పోతుంది. విస్తట్లో కొంచెం ఉండగానే చెయ్యి అడ్డు పెట్టాలి. ఖాళీ విస్తరి కనిపిస్తే గరిటె ఆగదు.

వ్యాఖ్య 4: షుగరుకు ఇన్సులిన్ గానీ, కొన్ని రకాల మాత్రలు గానీ వాడేవారు మధ్యాహ్నం విందు కోసం పొద్దున్న తిండి మానకూడదు. పూజ అయ్యి విస్తళ్లు పడేసరికి రెండు దాటితే చెమటలు, వణుకుతో షుగరు పడిపోవచ్చు. మోతాదు మార్పులు ముందే డాక్టరుని అడిగి పెట్టుకోవాలి. ఇక, ఆకలి దాచుకుని వచ్చినవాడు మొదటి ఐదు నిమిషాల్లోనే ఆవురావురుమని తినేస్తాడు, మందులు వాడకపోయినా.

వ్యాఖ్య 2: వామకుక్షి సంగతి మిగిలింది. వామ అంటే ఎడమ, కుక్షి అంటే పొట్ట. కాబట్టి అది ఎడమవైపు తిరిగి నడుం వాల్చడం, నిద్ర కాదు. ఆ భంగిమలో అన్నవాహిక కడుపును కలిసే చోటు పైకి ఉంటుంది, పులుపు గొంతులోకి ఎగదన్నడం తగ్గుతుంది. కుడివైపు పడుకుంటే దీనికి వ్యతిరేకం. ఏ పక్కకు తిరిగినా తినగానే గాఢ నిద్ర మాత్రం వద్దు, రెండు మూడు గంటలు గడవాలి. ‘భుక్త్వా శతపదం గచ్ఛేత్’ అన్నారు కాబట్టి ముందు వంద అడుగులు. పది పదిహేను నిమిషాలు నడిస్తే తిన్నాక పెరిగే షుగరు కూడా కొంత అదుపులో ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు: అయితే ‘వామకుక్షి చేసి గుర్రు పెట్టాడు’ అనడం తప్పు ప్రయోగమన్నమాట.

వ్యాఖ్య 1: వాడుకలో చెల్లుతుంది. పొట్ట దగ్గర చెల్లదు.